మెష్ క్లీనప్ సెట్టింగ్స్: పెట్టిన విలువ ఒకటి, నడిచిన విలువ ఇంకొకటి

మెషింగ్ అంటే ఒక పార్టు ఆకారాన్ని లెక్కల కోసం చిన్న చిన్న ముక్కలుగా, అంటే ఎలిమెంట్లుగా విడగొట్టడం. పాత మెషింగ్ స్క్రిప్టు ఏదైనా ఒకటి తెరిచి చూడండి. సెట్ చేసే లైన్లు వరసగా కనిపిస్తాయి: సైజు ఇంత, టాలరెన్స్ (ఎంత తేడాని పట్టించుకోనక్కర్లేదో చెప్పే హద్దు) ఇంత, చిన్న ఎడ్జ్‌లు తీసెయ్, ఒకే చోట రెండున్న నోడ్లు (ఎలిమెంట్ల మూల బిందువులు) కలిపెయ్. ఆ విలువ నిజంగా పడిందా, అసలు ఇప్పుడు ఏ విలువ మీద పని నడుస్తోంది అని సాఫ్ట్‌వేర్‌ని తిరిగి అడిగే లైను మాత్రం చాలా వాటిలో ఒక్కటీ ఉండదు. మెష్ వచ్చింది, దాని మీద లెక్క చేసే సాల్వర్ నడిచింది, రంగుల బొమ్మ వచ్చింది, ఇంకేం కావాలి అనుకుంటాం. కొన్నాళ్లకి అదే పార్టుని ఇంకొకరు ఇంకో మెషీన్‌లో నడిపితే ఎలిమెంట్ల లెక్క తేడా వస్తుంది, అదే స్క్రిప్టు కదా మరి ఎందుకిలా అని అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

సెట్టింగ్‌ని చదివి చెప్పే కమాండ్లు దాదాపు ప్రతి మెషింగ్ టూల్‌లోనూ ఉన్నాయి. వాటిని వాడకపోవడం సగం సమస్య. వాడి కూడా, అవి చెప్పిన జవాబుని ఇంకో ప్రశ్నకి జవాబు అనుకోవడం మిగతా సగం. ఇక్కడ ఎక్కువగా ఈ రెండో దాని గురించే.

క్లీనప్ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులున్నాయి, ముందు వాటిని విడదీయాలి. ఒకటి జామెట్రీ క్లీనప్: క్యాడ్ నుంచి వచ్చిన స్టెప్ ఫైల్లో కంటికి కనపడనంత చిన్న ఎడ్జ్‌లు, నూలుపోగంత సన్నటి ఫేస్‌లు, రెండు ఫేస్‌ల మధ్య కలవని సందులు ఉంటాయి; మెష్ వెయ్యకముందే వాటిని సరిచెయ్యడం. రెండోది మెష్ పడ్డాక చేసేది: డూప్లికేట్ నోడ్లు కలపడం, చెడ్డ ఆకారంలో ఉన్న టెట్రాలని (నాలుగు ముఖాల ఎలిమెంట్లని) ఆప్టిమైజ్ చెయ్యడం, స్మూతింగ్. రెండింటికీ టాలరెన్స్ అనే పేరుతోనే సెట్టింగ్ ఉంటుంది, కొన్ని టూల్స్‌లో రెండింటికీ ఒకటే సెట్టింగ్ ఉంటుంది. గందరగోళం అంతా అక్కడ పుడుతుంది.

ఉదాహరణకి జీమెష్ తీసుకుందాం. ఉచితంగా దొరుకుతుంది, సోర్స్ కోడ్ బయటే ఉంది, కాబట్టి ఏ సెట్టింగ్‌ని ఎక్కడ వాడుతున్నారో ఊహించక్కర్లేదు, తెరిచి చూసుకోవచ్చు. క్రిస్టోఫ్ గ్యూజేన్, ఝాన్ ఫ్రాన్స్వా రెమాకల్ మొదలుపెట్టిన ఈ టూల్‌కి 2018లో వచ్చిన 4.0 వెర్షన్‌తో పైథాన్, జూలియా, సీ ప్లస్ ప్లస్ నుంచి నేరుగా పిలిచే ఏపీఐ వచ్చింది. అందులో సెట్టింగ్‌లు అడగడానికి ఉన్నవి చాలా తేలిక: అంకె అయితే 'గెట్‌నంబర్', మాట అయితే 'గెట్‌స్ట్రింగ్', రంగు అయితే 'గెట్‌కలర్'. ఆప్షన్ పూర్తి పేరు కొటేషన్లలో ఇవ్వాలి, ముందు విభాగం, చుక్క, తర్వాత పేరు. 'జామెట్రీ.టాలరెన్స్' అని అడిగితే, ఎవరూ ముట్టుకోకపోతే, 10⁻⁸ అని వస్తుంది. 'మెష్.ఆప్టిమైజ్' అడిగితే 1.0 అని వస్తుంది, ఎందుకంటే ఆన్, ఆఫ్ లాంటివి కూడా ఇక్కడ అంకెలే. పేరు తప్పు రాస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, ఇది మంచి అలవాటు. తప్పు పేరుకి కూడా మౌనంగా సున్నా ఇచ్చే టూల్ కంటే వెయ్యి రెట్లు నయం.

ఇంతవరకూ సాఫీగానే ఉంది. ఇప్పుడు స్టెప్ ఫైల్ తెచ్చుకునేటప్పుడు పనిచేసే క్లీనప్ ఆప్షన్లు అడిగి చూద్దాం. జీమెష్ ఈ ఫైళ్లని ఓపెన్ క్యాస్కేడ్ అనే క్యాడ్ లైబ్రరీ ద్వారా చదువుతుంది, అందుకే ఈ ఆప్షన్ల పేర్లన్నీ 'జామెట్రీ.ఓసీసీ' అని మొదలవుతాయి. కుదించుకుపోయిన ఎడ్జ్‌లు, ఫేస్‌లని సరిచేసేది ఒకటి, చిన్న ఎడ్జ్‌లకి ఒకటి, చిన్న ఫేస్‌లకి ఒకటి, ఫేస్‌లని అంచుల వెంట కుట్టేది ఒకటి, కుట్టిన దాన్ని సాలిడ్‌గా మార్చేది ఒకటి. అయిదూ అడిగితే అయిదింటికీ సున్నానే జవాబు. అంటే ఫైలు దిగుమతి అయ్యేటప్పుడు, మీరు చెప్తే తప్ప, జీమెష్ ఈ అయిదు మరమ్మతుల్లో ఏదీ చెయ్యదు. క్యాడ్‌లోని చిన్న ఎడ్జ్‌లు, సందులు అలాగే వస్తాయి. ఇది తెలియక, తెచ్చుకోగానే అంతా శుభ్రం అయిపోయి ఉంటుందని అనుకునేవాళ్లు చాలామంది.

సరే, దిగుమతి అయ్యాక మరమ్మతు చేద్దాం అని 'హీల్‌షేప్స్' ఫంక్షన్‌ని పిలుస్తారు. దానికి ఆర్గ్యుమెంట్లు ఏమీ ఇవ్వకుండా ఖాళీ బ్రాకెట్లతో పిలిచారనుకోండి. ఇందాక చూసిన అయిదు ఆప్షన్లూ సున్నా కాబట్టి ఇది కూడా ఏమీ చెయ్యదు అనుకోవడం సహజం. కానీ ఈ ఫంక్షన్ ఆ ఆప్షన్ల వైపు చూడనే చూడదు. దీనికి సొంత ఆర్గ్యుమెంట్లు ఉన్నాయి, అవే అయిదు పనులకి, వాటి డిఫాల్ట్ అయిదింటికీ 'ట్రూ'. టాలరెన్స్ కూడా దీనికి విడిగా ఉంది, డిఫాల్ట్ 10⁻⁸. కాబట్టి మీరు స్క్రిప్టు మొదట్లో 'జామెట్రీ.టాలరెన్స్' ని 0.001కి మార్చి, గెట్‌నంబర్‌తో అడిగి, 0.001 అని వచ్చింది చూసుకుని, సంతృప్తిగా హీల్‌షేప్స్‌ని ఖాళీగా పిలిస్తే, అది 10⁻⁸ తోనే నడుస్తుంది. అడిగిన ప్రశ్నకి సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు, నిజమే చెప్పింది. ఆ పనికి సంబంధం లేని నిజం అది.

ఒక ఆప్షన్ విలువ ఏమిటి అనేది ఒక ప్రశ్న, ఫలానా పనికి ఏ విలువ వాడారు అనేది ఇంకో ప్రశ్న. గెట్ కమాండ్లు మొదటి దానికే జవాబిస్తాయి. డాక్యుమెంటేషన్ చదివేటప్పుడు ఈ తేడా అంతగా కనపడదు. గ్లోబల్ ఆప్షన్‌నీ ఫంక్షన్ ఆర్గ్యుమెంట్‌నీ ఒకే పేరుతో పిలవడం ఆ ఏపీఐ రాసినవాళ్లకి సౌకర్యం కావచ్చు, వాడేవాళ్లకి మాత్రం ఉచ్చులా తయారైంది.

10⁻⁸ అనే అంకె దగ్గర కాసేపు ఆగాలి. చిన్న ఎడ్జ్‌లు తీసేసే పని ఆన్‌లో ఉంది అంటే, ఏది చిన్నది అనేది ఈ టాలరెన్సే నిర్ణయిస్తుంది. మోడల్ మిల్లీమీటర్లలో ఉంటే 10⁻⁸ అంటే మిల్లీమీటర్‌లో పది కోట్లవ వంతు. ఓపెన్ క్యాస్కేడ్ తనంతట తాను రెండు బిందువులు ఒకటే అని లెక్కేసుకునే దూరమే 10⁻⁷, అంటే అడిగిన టాలరెన్స్ లైబ్రరీ సొంత పట్టింపు కంటే చిన్నది. ఫిల్లెట్ (గుండ్రం చేసిన మూల) పక్కన 0.02 మిల్లీమీటర్ల ఎడ్జ్ ఒకటి మిగిలిపోయి, దాని చుట్టూ వేలకొద్దీ పిల్ల ఎలిమెంట్లు పుట్టుకొస్తుంటే, ఆప్షన్ ఆన్‌లో ఉంది కదా ఎందుకు పోలేదు అని తల పట్టుకోవడం వృథా. ఆన్‌లోనే ఉంది. దాని దృష్టిలో ఆ ఎడ్జ్ చాలా పెద్దది. ఆన్, ఆఫ్ మాత్రమే అడిగి వదిలేస్తే ఈ విషయం ఎప్పటికీ తెలియదు, ఎప్పుడైనా సరే స్విచ్‌నీ దాని కొలతనీ జంటగానే అడగాలి.

కొలత అన్నాక యూనిట్ అడగాలి కదా. అక్కడ ఇంకో చిక్కు. జీమెష్‌కి యూనిట్లు తెలియవు, అంకెలే తెలుసు. స్టెప్ ఫైల్లో యూనిట్ రాసి ఉంటుంది, ఓపెన్ క్యాస్కేడ్ దాన్ని మామూలుగా మిల్లీమీటర్లకి మార్చి ఇస్తుంది. మీటర్లలో కావాలంటే 'జామెట్రీ.ఓసీసీ టార్గెట్ యూనిట్' అనే స్ట్రింగ్ ఆప్షన్‌కి మీటర్ సూచించే అక్షరం ఇవ్వాలి. దాన్ని గెట్‌స్ట్రింగ్‌తో అడిగితే డిఫాల్ట్‌గా ఖాళీ స్ట్రింగ్ వస్తుంది, ఖాళీ అంటే ఓపెన్ క్యాస్కేడ్ ఇష్టం అని అర్థం. ఇప్పుడు ఎవరో సాల్వర్ కోసం దీన్ని మీటర్లకి మార్చారనుకుందాం. మోడల్ కొలతలన్నీ వెయ్యో వంతు అయిపోతాయి, టాలరెన్స్ మాత్రం అలాగే ఉంటుంది, అంటే మోడల్‌తో పోలిస్తే వెయ్యి రెట్లు ముతకగా మారినట్టు. టాలరెన్స్ లైన్‌ని ఎవరూ ముట్టుకోలేదు, గెట్‌నంబర్ నిన్నటి అంకే చెప్తుంది, క్లీనప్ మాత్రం మారిపోయింది. అందుకే టాలరెన్స్ ఒక్కటే లాగ్‌లో రాయడం వల్ల పెద్దగా లాభం లేదు, పక్కన మోడల్ బౌండింగ్ బాక్స్ (మోడల్ మొత్తం సరిగ్గా పట్టే పెట్టె) కొలతలు కూడా రాయాలి. రెండు అంకెలు పక్కపక్కన ఉంటేనే ఎవరికైనా ఏదైనా తెలుస్తుంది.

అదే 'జామెట్రీ.టాలరెన్స్' మెష్ పడ్డాక ఇంకో పని కూడా చేస్తుంది. డూప్లికేట్ నోడ్లు తీసేసే 'రిమూవ్ డూప్లికేట్ నోడ్స్' కమాండ్ దీన్నే వాడుతుంది, కానీ వాడే పద్ధతి వేరు. దిగుమతిలో మరమ్మతు జరిగేటప్పుడు ఈ అంకె నేరుగా దూరం. నోడ్లు కలిపేటప్పుడు మాత్రం దీన్ని మోడల్ బౌండింగ్ బాక్స్ మూల నుంచి మూలకి ఉన్న దూరంతో గుణించి, వచ్చినదాన్ని దూరంగా వాడతారు. మూల నుంచి మూలకి 2000 మిల్లీమీటర్లు ఉన్న ఫ్రేమ్ అయితే 10⁻⁸ కాస్తా 0.00002 మిల్లీమీటర్ అవుతుంది. ఒక్క అంకె, ఒక్క పేరు, ఒక చోట నేరుగా కొలత, ఇంకో చోట నిష్పత్తి. నోడ్లు సరిగ్గా కలవడం లేదని టాలరెన్స్‌ని 0.001కి పెంచారనుకోండి, అదే ఫ్రేమ్‌లో అది 2 మిల్లీమీటర్లు అవుతుంది. రెండు మిల్లీమీటర్ల షీట్ మెటల్ అయితే పై పొర నోడూ కింది పొర నోడూ అతుక్కుపోతాయి. గెట్ కమాండ్ 0.001 అని నిక్కచ్చిగా చెప్తూనే ఉంటుంది.

ఇది జీమెష్ ఒక్కదాని వింత కూడా కాదు. ద్రవాలు, గాలి ప్రవాహాన్ని లెక్కించే ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మెష్ వేసే ప్రోగ్రామ్ స్నాపీ హెక్స్ మెష్; దాని డిక్షనరీలో, అంటే సెట్టింగుల ఫైల్లో, ఉండే 'మెర్జ్ టాలరెన్స్' కూడా మొదటి మెష్ బౌండింగ్ బాక్స్‌లో వంతుగానే లెక్క, మామూలుగా 10⁻⁶ ఉంటుంది. అయితే అక్కడ ఫైల్లోనే పక్కన కామెంట్‌లో ఆ మాట రాసి పెట్టారు. ఆ ఒక్క లైను కామెంట్ ఎంత ఇబ్బంది తప్పిస్తుందో చెప్పలేం.

ఇక జవాబులా కనిపించి జవాబు కాని అంకెలు. 'మెష్.మెష్ సైజ్ మ్యాక్స్' ని అడిగితే 10²² వస్తుంది. అంత పెద్ద ఎలిమెంట్ ఎవరికీ అక్కర్లేదు, ఇక్కడ పై హద్దు లేదు అని అర్థం. 'జామెట్రీ.టాలరెన్స్ బూలియన్' ని అడిగితే 0 వస్తుంది. బూలియన్లకి (షేపుల్ని కలపడం, ఒకదాంతో ఇంకోదాన్ని కోయడం లాంటి పనులకి) టాలరెన్స్ అసలు లేదని అర్థం చేసుకుంటే తప్పు. జీమెష్ తన వైపు నుంచి అదనంగా ఏమీ కలపడం లేదు, ఓపెన్ క్యాస్కేడ్ ఆ షేపుల్లో ఉన్న టాలరెన్స్‌లతో పని కానిస్తుంది అని అర్థం. ఓపెన్‌ఫోమ్ మెష్ నాణ్యత నియమాల్లో 'మ్యాక్స్ నాన్ ఆర్థో' కి (పక్కపక్క సెల్స్ కేంద్రాలని కలిపే గీత, మధ్యనున్న ఫేస్ లంబం నుంచి ఎంత కోణం వంగొచ్చో చెప్పే హద్దుకి) 180 అని ఉంటే ఆ పరీక్ష ఆపేశారని, 'మిన్ ఏరియా' కి మైనస్ 1 ఉంటే వైశాల్యం చూడొద్దన్నారని. స్క్రిప్టు ఇలాంటి అంకెల్ని చదివి, వాటితో కూడికలూ తీసివేతలూ చేస్తే తర్వాత వచ్చేదంతా చెత్తే. చదివిన విలువ కొలతా, లేక 'నీ ఇష్టం', 'వద్దు' లాంటి సంకేతమా అని ముందు తేల్చుకోవాలి.

షేపుల్లో ఉన్న టాలరెన్స్ అన్నాం కదా, అది కూడా చాలామంది ఎరగని సంగతి. ఓపెన్ క్యాస్కేడ్ మోడల్లో ప్రతి వెర్టెక్స్‌కీ, ఎడ్జ్‌కీ, ఫేస్‌కీ దేని టాలరెన్స్ దానికి ఉంటుంది. కుట్టే పని జరిగినప్పుడు సందు పూడ్చడానికి ఇవి పెరగొచ్చు. సందు పోయింది అని మనం అనుకుంటాం, నిజానికి ఆ ఎడ్జ్ తన పట్టింపుని పెంచుకుని సందుని లోపల దాచుకుంది. జీమెష్ ఆప్షన్లలో ఎంత వెతికినా ఇది దొరకదు, ఓపెన్ క్యాస్కేడ్‌నే అడగాలి. మోడల్లో కనిష్ఠ, సగటు, గరిష్ఠ టాలరెన్స్ చెప్పడానికి అందులో ప్రత్యేకంగా ఒక క్లాసే ఉంది. మామూలు పనికి ఇంత లోతు అక్కర్లేదు. మెష్ ఒకే చోట పదే పదే విరిగిపోతుంటే మాత్రం మొదట చూడాల్సింది ఇదే.

ఎప్పుడు అడిగాం అనేది కూడా జవాబులో భాగమే. దిగుమతి ఆప్షన్లు దిగుమతి జరిగే క్షణంలోనే పనిచేస్తాయి. ఫైల్ తెచ్చుకున్నాక చిన్న ఫేస్‌లు తీసేసే ఆప్షన్‌ని 1 చేస్తే అప్పటికే లోపలున్న మోడల్‌కి ఏమీ కాదు, కానీ స్క్రిప్టు చివర్లో అన్ని సెట్టింగులూ వరసగా ప్రింట్ చేయిస్తే అక్కడ 1 అని నిక్షేపంగా కనిపిస్తుంది. రిపోర్టులో ఆ పట్టిక పెట్టుకుంటే, జరగని క్లీనప్ జరిగినట్టు రికార్డు తయారవుతుంది. చివర్లో ఒకేసారి అడగడం అందరూ చేసే పని, అదే తప్పు. దిగుమతికి ముందు లైన్లో దిగుమతి ఆప్షన్లు, మెష్ వేసే ముందు లైన్లో మెష్ ఆప్షన్లు అడిగితేనే ఆ జవాబుకి విలువ.

మరి అదే స్క్రిప్టు రెండు మెషీన్లలో రెండు రకాలుగా నడవడం ఎలా? జీమెష్ మొదలయ్యేటప్పుడు, వద్దని చెప్పకపోతే, యూజర్ సొంత ఫోల్డర్లో ఉన్న కాన్ఫిగరేషన్ ఫైళ్లని చదువుతుంది. ఎప్పుడో విండో తెరిచి మౌస్‌తో మార్చి, ఆప్షన్లు డిఫాల్ట్‌గా సేవ్ చేసుకున్నవి అందులో కూర్చుని ఉంటాయి. 'ఇనిషియలైజ్' ఫంక్షన్‌కి 'రీడ్ కాన్ఫిగ్ ఫైల్స్' అనే ఆర్గ్యుమెంట్ ఉంది, దాని డిఫాల్ట్ ట్రూ. దానితో పాటు మోడల్ ఫైల్ పక్కనే అదే పేరుకి '.ఆప్ట్' చేర్చిన ఫైల్ ఉంటే మోడల్ తెరిచేటప్పుడు దాన్ని కూడా కలుపుకుంటుంది. అంటే స్క్రిప్టులో కనపడని విలువలు మూడు వైపుల నుంచి రావచ్చు: ప్రోగ్రామ్ డిఫాల్ట్, హోమ్ ఫోల్డర్, మోడల్ పక్కనున్న ఫైల్. గెట్‌నంబర్ చివరికి మిగిలిన విలువ చెప్తుంది గానీ అది ఎటు నుంచి వచ్చిందో చెప్పదు. సర్వర్ మీద రాత్రంతా నడిచే స్క్రిప్టుల్లో ఈ ఆర్గ్యుమెంట్‌ని ఫాల్స్ చేసెయ్యడమే క్షేమం. విండోలో పనిచేసేవాళ్లకయితే హెల్ప్ మెనూలో ప్రస్తుత ఆప్షన్లు చూపించే చోట, మార్చినవి మాత్రమే చూపించు అనే టిక్కు ఉంది. జీమెష్‌లో అన్నిటికంటే తక్కువ గుర్తింపు వచ్చిన మంచి ఏర్పాటు అదే అనిపిస్తుంది.

ఒక లూప్‌లో యాభై పార్టులకి మెష్ వేసేవాళ్లకి ఇంకో గొడవ. ప్రతి పార్టు తర్వాత 'క్లియర్' పిలుస్తారు. అది మోడల్స్‌ని తుడిచేస్తుంది, ఆప్షన్లని తుడవదు. పన్నెండో పార్టు మొండికేసిందని దానికోసం టాలరెన్స్ పెంచితే, పదమూడు నుంచి యాభై వరకూ అన్నీ ఆ పెంచిన టాలరెన్స్‌తోనే నడుస్తాయి. మార్చే ముందు పాత విలువని గెట్‌నంబర్‌తో తీసుకుని ఒక వేరియబుల్‌లో దాచి, పని అయ్యాక తిరిగి పెట్టడం పాత పద్ధతి, ఇప్పటికీ అదే మేలు. కొత్త వెర్షన్లలో అన్నిటినీ డిఫాల్ట్‌కి తిప్పే కమాండ్ కూడా ఉంది, కానీ అది మీరు కావాలని పెట్టుకున్నవి కూడా ఊడ్చేస్తుంది.

ఓపెన్‌ఫోమ్ ప్రపంచంలో సెట్టింగులన్నీ టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి, ఇక అడగడం దేనికి, ఫైల్ తెరిస్తే కనిపిస్తుంది కదా అనొచ్చు. అన్నిసార్లూ కనపడదు. స్నాపీ హెక్స్ మెష్ డిక్షనరీలో నాణ్యత నియమాల విభాగం చాలా కేసుల్లో (కేస్ అంటే ఒక లెక్కకి కావలసిన ఫైళ్ల ఫోల్డర్) ఇంకో ఫైల్ని కలుపుకునే ఒక ఇన్‌క్లూడ్ లైనుతో మొదలై, సిస్టమ్ ఫోల్డర్లో ఉన్న మెష్ క్వాలిటీ డిక్షనరీని లోపలికి తెస్తుంది. ఆ ఫైల్ మళ్లీ ఇంకో ఇన్‌క్లూడ్‌తో ఓపెన్‌ఫోమ్ ఇన్‌స్టాల్ అయిన చోటున్న ఈటీసీ ఫోల్డర్ నుంచి అసలు అంకెలు తెస్తుంది. కేస్ ఫోల్డర్ మొత్తం గ్రెప్ కమాండ్‌తో వెతికినా ఆ అంకె దొరకదు, ఎందుకంటే అది కేస్‌లో లేదు. వెర్షన్ మారితే ఈటీసీ కూడా మారొచ్చు, కేస్ ఫైల్లో ఒక్క అక్షరం కూడా మారకుండానే. ఇక్కడ పనికొచ్చేది 'ఫోమ్ డిక్షనరీ' అనే చిన్న ప్రోగ్రామ్. ఎంట్రీ పేరు ఇచ్చి, 'వాల్యూ' అనే ఆప్షన్ జోడిస్తే అంకె మాత్రమే ప్రింట్ చేస్తుంది, నేరుగా షెల్ వేరియబుల్‌లోకి తీసుకోవచ్చు. 'కీవర్డ్స్' అంటే ఆ విభాగంలో ఏమేం ఉన్నాయో పేర్లు ఇస్తుంది. 'ఎక్స్‌పాండ్' అంటే ఇన్‌క్లూడ్‌లూ మ్యాక్రోలూ అన్నీ విప్పి పూర్తి డిక్షనరీ చూపిస్తుంది. ప్రతి రన్‌తో పాటు ఆ విప్పిన డిక్షనరీని ఒక ఫైల్లో దాచుకుంటే చాలు, తర్వాత వచ్చే వాదనల్లో సగం తీరిపోతాయి.

సగమే ఎందుకంటే, ఓపెన్‌ఫోమ్‌లో కూడా హద్దులు ఒక చోట లేవు. నాన్ ఆర్థోగొనాలిటీనే చూడండి. స్నాపీ నియమాల్లో మామూలుగా 65 డిగ్రీలు ఉంటుంది. గోడల వెంట పలచటి లేయర్లు వేసేటప్పుడు కొన్ని ఇటరేషన్లు దాటితే 'రిలాక్స్‌డ్' అనే ఉప విభాగం అమల్లోకి వస్తుంది, అందులో తరచుగా కనిపించే విలువ 75. మెష్ పూర్తయ్యాక 'చెక్‌మెష్' నడిపితే అది వీటిలో దేన్నీ చదవదు, దాని కోడ్‌లోనే ఉన్న 70 డిగ్రీలతో పోల్చి, ఇన్ని ఫేస్‌లు తీవ్రంగా ఉన్నాయి అని చెప్తుంది. అలా చెప్పి కూడా చివర్లో మెష్ ఓకే అని ముగించొచ్చు, 70 దాటడం దానికి హెచ్చరికే తప్ప ఫెయిల్ కాదు. ఫోమ్ డిక్షనరీతో 65 అని చదివి, చెక్‌మెష్ ఓకే అంది చూసి, మెష్‌లో 65 దాటిన ఫేస్ లేదు అని రిపోర్టులో రాసేస్తే అది తప్పు రిపోర్ట్. చెక్‌మెష్‌కి 'మెష్‌క్వాలిటీ' అనే ఆప్షన్ ఇస్తే సిస్టమ్ ఫోల్డర్లో ఉన్న మెష్ క్వాలిటీ డిక్షనరీని కూడా చదివి దాని ప్రకారం లెక్క చెప్తుంది, కావలసింది అదే.

కంపెనీల్లో ఎక్కువ వాడే కమర్షియల్ టూల్స్ సంగతి క్లుప్తంగా. హైపర్‌మెష్‌లో టీసీఎల్ అనే స్క్రిప్టు భాష కమాండ్లలో ఒక చక్కటి విభజన ఉంది: స్టార్ గుర్తుతో మొదలయ్యేవి మోడల్‌నో సెట్టింగ్‌నో మార్చేవి, 'హెచ్ఎం అండర్‌స్కోర్' తో మొదలయ్యేవి అడిగి తెలుసుకునేవి. మీరు మౌస్‌తో చేసే పనులు కమాండ్ ఫైల్లో రికార్డు అవుతాయి, కానీ రికార్డయ్యేవి స్టార్ కమాండ్లే. అబాకస్ కూడా అంతే, చేసిన పనులన్నీ ఒక రీప్లే ఫైల్లో పైథాన్ లైన్లుగా రాసుకుంటూ పోతుంది. స్క్రిప్టింగ్ మొదలుపెట్టేవాళ్లందరూ ఈ రికార్డు ఫైళ్ల నుంచే కాపీ కొట్టి మొదలుపెడతారు, అందులో తప్పేమీ లేదు, నేర్చుకోవడానికి అంతకంటే సులువు దారి లేదు. కాకపోతే రికార్డు ఫైల్ మీరు మార్చిన వాటినే రాస్తుంది. మీరు ముట్టుకోని క్లీనప్ టాలరెన్స్ ఆ రోజు ఎంత ఉందో అందులో ఉండదు, ఎందుకంటే మీరు దాన్ని మార్చలేదు. రికార్డు ఫైల్ ఉంది కాబట్టి ఆ రన్‌ని ఎప్పుడైనా మళ్లీ యథాతథంగా తెచ్చుకోవచ్చు అనే ధీమా ఇక్కడే దెబ్బతింటుంది. అడిగే కమాండ్లు రికార్డర్ రాసివ్వదు, చేత్తో రాసుకోవాల్సిందే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ నుంచి కాలేజీ ల్యాబ్ దాకా నేర్పేది ప్యానెళ్లూ బటన్లూ కావడం వల్ల ఈ సగం చాలామందికి ఉద్యోగంలో చేరాక గానీ తారసపడదు.

సెట్టింగ్ అడగడం అయ్యాక ఫలితాన్ని అడగడం మిగులుతుంది, దానికి కూడా కమాండ్లున్నాయి. జీమెష్‌లో నోడ్ల సంఖ్య, టెట్రాల సంఖ్య కూడా చదవడానికి మాత్రమే వీలయ్యే ఆప్షన్ల రూపంలో గెట్‌నంబర్‌కే దొరుకుతాయి, డూప్లికేట్ నోడ్లు తీసే ముందూ తర్వాతా అడిగి తేడా చూసుకుంటే చాలు. తేడా సున్నా అయితే టాలరెన్స్ చిన్నదైపోయిందో, అసలు డూప్లికేట్‌లే లేవో ఆలోచించాలి. తేడా ఊహించనంత పెద్దదైతే ఇందాక చెప్పుకున్న షీట్ మెటల్ ప్రమాదం జరిగిందేమో చూడాలి.

నాణ్యత దగ్గర మాత్రం జాగ్రత్త. 'మెష్.ఆప్టిమైజ్ థ్రెషోల్డ్' డిఫాల్ట్ 0.3, అంతకంటే నాణ్యత తక్కువున్న టెట్రాలని ఆప్టిమైజర్ బాగుచెయ్యడానికి చూస్తుంది. ఆ 0.3 గామా అనే కొలతలో, అంటే టెట్రా లోపల పట్టే గోళానికీ చుట్టూ గీసిన గోళానికీ వ్యాసార్థాల నిష్పత్తిని, సరిసమానమైన టెట్రాకి 1 వచ్చేలా సర్దినది. తర్వాత మీరు 'గెట్ ఎలిమెంట్ క్వాలిటీస్' పిలిస్తే, కొలత పేరు ఇవ్వకపోతే, అది ఇచ్చేది గామా కాదు, 'మిన్ ఎస్ఐసీఎన్' అనే వేరే కొలత. మైనస్ 1 నుంచి 1 దాకా పోతుంది, మైనస్ వస్తే ఎలిమెంట్ తిరగబడిందని. రెండూ 1 దగ్గర మొదలవుతాయి కాబట్టి ఒకటేలా అనిపిస్తాయి, మధ్యలో మాత్రం ఒకదాని 0.3కీ ఇంకోదాని 0.3కీ సంబంధం లేదు. థ్రెషోల్డ్ 0.3 పెట్టినా 0.2 ఉన్న ఎలిమెంట్లు మిగిలాయి, ఆప్టిమైజర్ పనిచెయ్యలేదు అనే ఫిర్యాదులు కొన్ని ఇలాగే పుడతాయి. కొలత పేరుగా గామా అని స్పష్టంగా ఇచ్చి అడిగాకే ఆప్టిమైజర్ మీద నెపం వెయ్యాలి. అప్పుడు కూడా కొన్ని మిగలొచ్చు, ప్రయత్నిస్తుందే తప్ప హామీ ఇవ్వదు.

హీల్‌షేప్స్ నిజంగా ఏ టాలరెన్స్‌తో నడిచింది అనే మొదటి ప్రశ్నకి జవాబు దొరికే చోటు ఒకటుంది, అది ఆప్షన్లలో కాదు, మెసేజ్‌లలో. మరమ్మతు మొదలయ్యేటప్పుడు జీమెష్ వాడుతున్న టాలరెన్స్‌ని బ్రాకెట్లో చూపిస్తూ ఒక లైను ప్రింట్ చేస్తుంది, అయ్యాక సాలిడ్లు, ఫేస్‌లు, ఎడ్జ్‌లు ఎన్ని అయ్యాయో, ముందు ఎన్ని ఉండేవో జతగా చెప్తుంది. స్క్రీన్ మీద పరుగెత్తే ఈ లైన్లని ఎవరూ చదవరు. ఏపీఐలో 'లాగర్' అనే భాగం ఉంది, పని మొదలుకి ముందు స్టార్ట్ చేసి, అయ్యాక గెట్ అంటే ఆ మెసేజ్‌లన్నీ లిస్టుగా ఇస్తుంది. అందులోంచి టాలరెన్స్ లైనుని వెతికి తీసి, మీరు అనుకున్న విలువతో పోల్చవచ్చు. టెక్స్ట్‌ని చీల్చి చదవడం అంత అందమైన పద్ధతి కాదు, మెసేజ్ మాటలు వెర్షన్‌కి వెర్షన్ మారితే విరిగిపోతుంది, కానీ నడిచిన విలువని నడిపినవాడి నోటి నుంచే వినాలంటే ఇంతకంటే దగ్గర దారి లేదు.

కాబట్టి ఆచరణలో స్క్రిప్టులో పెట్టుకోవాల్సింది పెద్దదేమీ కాదు. ప్రోగ్రామ్ వెర్షన్, ఆ దశకి సంబంధించిన క్లీనప్ ఆప్షన్లు, ఫంక్షన్లకి ఇచ్చిన ఆర్గ్యుమెంట్లు, బౌండింగ్ బాక్స్, ముందూ వెనకా లెక్కలు, ఇవన్నీ ఒక ఫైల్లోకి రాసే చిన్న ఫంక్షన్ ఒకటి. వెర్షన్‌ని కూడా 'జనరల్.వెర్షన్' అని గెట్‌స్ట్రింగ్‌తోనే అడగొచ్చు. ఆర్గ్యుమెంట్లు మాత్రం ఏ గెట్ కమాండూ తర్వాత చెప్పదు, అందుకని హీల్‌షేప్స్‌ని ఎప్పుడూ ఖాళీగా పిలవకుండా, డిఫాల్టే కావాల్సి వచ్చినా సరే, అన్ని ఆర్గ్యుమెంట్లనీ పేర్లతో రాసి పిలవాలి, అదే లిస్టుని లాగ్‌లోకి పంపాలి. నాలుగు లైన్లు ఎక్కువవుతాయి, అవ్వనివ్వండి.

చదివిన విలువని ప్రింట్ చేసి ఊరుకుంటే మళ్లీ ఎవరూ చదవని ఇంకో ఫైల్ తయారవుతుంది. అనుకున్న విలువకీ చదివిన విలువకీ తేడా ఉంటే స్క్రిప్టు అక్కడే ఆగిపోవాలి. పోల్చేటప్పుడు 10⁻⁸ లాంటి వాటిని సమానం అని నేరుగా పరీక్షించకుండా నిష్పత్తి చూడటం మంచిది, మైనస్ 1, 180, 10²² లాంటి సంకేతాలయితే నేరుగా సమానమో కాదో చూడాలి. ఈ పరీక్ష మెష్ వేశాక కాకుండా, దిగుమతి లైనుకి ముందు ఒకసారి, మెష్ లైనుకి ముందు ఒకసారి ఉండాలి, ఎందుకంటే క్లస్టర్‌లో క్యూలో నిలబడి రాత్రి రెండింటికి మొదలైన జాబ్, తప్పు టాలరెన్స్‌తో అయిదు గంటలు నడిచాక చెప్పే ఎర్రర్ కంటే, మూడో సెకనులో ఆగిపోయి చెప్పే ఎర్రర్ చవక.